జాన్ చౌనింగ్: కంపితం నుంచి కొత్త నాదం

అమెరికాకు చెందిన జాన్ చౌనింగ్ స్వరకర్త, కంప్యూటర్ సంగీతానికి ఆద్యుల్లో ఒకరు. 1980ల నాటి కీబోర్డులలో, ఆ తర్వాత కంప్యూటర్ సౌండ్ కార్డులలో, మొబైల్ ఫోన్ల రింగ్‌టోన్లలో వినిపించిన ‘ఎఫ్.ఎం. సింథసిస్’ పద్ధతిని కనుగొన్నది ఆయనే.

సంగీత శిక్షణ

చౌనింగ్ 1934లో న్యూజెర్సీ రాష్ట్రంలోని సేలంలో జన్మించారు. నౌకాదళ సంగీత పాఠశాలలో శిక్షణ పొందిన ఆయన, 1959లో ఒహాయోలోని విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు. అనంతరం పారిస్‌లో నాడియా బూలాంజే వద్ద స్వరరచన అభ్యసించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లీలండ్ స్మిత్ శిష్యుడిగా 1966లో డాక్టరేట్ అందుకున్నారు.

చెవికి చిక్కిన రహస్యం

స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే, బెల్ లాబొరేటరీస్‌కు చెందిన మాక్స్ మాథ్యూస్ రాసిన వ్యాసం ఆయనను కంప్యూటర్ వైపు మళ్లించింది. సాంకేతిక విద్య లేకపోయినా ప్రోగ్రామింగ్ నేర్చుకుని, మాథ్యూస్ సహకారంతో 1964లో విశ్వవిద్యాలయంలోని కృత్రిమ మేధ ప్రయోగశాల కంప్యూటర్‌పై సంగీత ప్రయోగాలు ప్రారంభించారు.

మన గాయకులు కంపిత గమకంలో స్వరాన్ని ఊపుతారు. 1967లో చౌనింగ్ అటువంటి ఊపునే కంప్యూటర్‌లో సృష్టించి, దాని వేగాన్ని క్రమంగా పెంచారు. సెకనుకు సుమారు 20 సార్లు దాటాక చెవికి ఊపు వినిపించడం మానేసింది. దాని స్థానంలో గంటనో, లోహ వాద్యాన్నో తలపించే కొత్త నాదం పలికింది. అంతకుముందు ఎన్నో తరంగాలను పేర్చితే తప్ప రాని నాదసంపద కేవలం రెండింటితోనే సాధ్యమైంది.

తిరస్కారం, గుర్తింపు

అమెరికాలోని ఆర్గన్ తయారీదారులు ఈ ఆవిష్కరణపై ఆసక్తి చూపలేదు. జపాన్‌కు చెందిన యమహా సంస్థ దాని విలువను గ్రహించి హక్కులు తీసుకుంది. ఈలోగా స్టాన్‌ఫర్డ్ ఆయనకు శాశ్వత అధ్యాపక పదవిని నిరాకరించింది. తర్వాత అదే విశ్వవిద్యాలయం తిరిగి ఆహ్వానించింది. 1975లో అక్కడ ఏర్పడిన కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రానికి ఆయన వ్యవస్థాపక సంచాలకులు. 1977లో పేటెంటు మంజూరైంది. 1983లో యమహా విడుదల చేసిన డి.ఎక్స్.7 కీబోర్డు ప్రపంచవ్యాప్త ఆదరణ పొందింది. ఈ పేటెంటు ద్వారా విశ్వవిద్యాలయానికి 2 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం సమకూరింది.

రచనలు

నాలుగు స్పీకర్ల మధ్య ధ్వని శ్రోత చుట్టూ తిరుగుతున్నట్లు భ్రమింపజేసే ‘టురెనాస్’ (1972), స్వర్ణ నిష్పత్తి ఆధారంగా స్వరస్థానాలను నిర్ణయించిన ‘స్ట్రియా’ (1977), మానవ కంఠాన్ని గంటానాదంతో మేళవించిన ‘ఫోనే’ (1981) ఆయన ముఖ్య కృతులు. ఆయన 1996లో అధ్యాపక బాధ్యతల నుంచి పదవీ విరమణ చేశారు.