నిజాముల కార్లు: మేటి మోడళ్లు ఎందుకు ఆగిపోయాయి

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు దగ్గర్లోని చౌమహల్లా ప్యాలెస్‌లోనూ, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోనూ ఉన్న పాత కార్లు తమ కాలంలో ఆయా కంపెనీలకు తలమానికాలు. రోల్స్‌రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ పేర్లు వాటిమీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ మోడళ్లు మాత్రం ఎప్పుడో ఆగిపోయాయి. అవి చెడ్డవై ఆగిపోలేదు. ఫ్లాగ్‌షిప్ కారును నిలబెట్టేవి మూడు: ఇంజనీరింగ్‌లో ముందుండటం, తయారీ ఖర్చును మోయగల కంపెనీ, కొనగల ఆసామి. వీటిలో ఏ ఒక్కటి జారినా ఆ మోడల్ నిలవదు.

చౌమహల్లాలోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ 1912 నాటిది. దాన్ని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరిచ్చాడు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన మరణించడంతో కారు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వాడుకలోకి వచ్చింది. పసుపు ఆసఫ్‌జాహీ జెండా రంగు. వెనక భాగం మిగతా కారుకన్నా ఎత్తుగా లేచి, పైన గుమ్మటంలాంటి కప్పుతో ఉంటుంది. లోపల ఉన్నది మామూలు సీటు కాదు, ఎత్తుమీద అమర్చిన సింహాసనం. ఊరేగింపులో ఏనుగుమీది అంబారీ చేసే పనిని ఈ కారు చేసింది. దర్బారు సందర్భాలకే బయటికి తీయడంతో అది తిరిగింది కొద్ది వందల మైళ్లే.

అప్పటి పద్ధతిలో రోల్స్‌రాయిస్ ఇంజనూ షాసీ మాత్రమే అమ్మేది. బాడీని వేరే కంపెనీ చేత్తో కట్టేది. నిజాం కారు బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీ పని. షాసీ మాత్రం 40/50 హార్స్‌పవర్ మోడల్‌ది, లోకమంతా సిల్వర్ ఘోస్ట్ అని పిలిచినది. 1906లో మొదలై ఇరవై ఏళ్లలో 7,874 షాసీలు తయారయ్యాయి. 1908 నుంచి 1922 దాకా కంపెనీ ఇంకో మోడలే చేయలేదు. ఆ నిలకడే తర్వాత బరువైంది. 1919లో వచ్చిన హిస్పానో సూయిజా హెచ్6లో వాల్వులు సిలిండర్ల పైన ఉన్నాయి, నాలుగు చక్రాలకూ బ్రేకులున్నాయి. సిల్వర్ ఘోస్ట్ వాల్వులు పక్కనే ఉండిపోయాయి, ముందు చక్రాలకు బ్రేకులు ఆలస్యంగా వచ్చాయి. 1925లో పైవాల్వుల 7,668 సీసీ ఇంజన్‌తో న్యూ ఫాంటమ్ రావడంతో ఇంగ్లండ్‌లో పాత మోడల్ ముగిసింది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ 1926 దాకా దాన్ని చేసింది.

చేత్తో బాడీ కట్టే వృత్తి కూడా క్రమంగా అంతరించింది. 1938లో బార్కర్‌ను హూపర్ కంపెనీ కలిపేసుకుంది. 1959లో హూపర్ కూడా బాడీల పని మానేసింది. 1965లో షాసీ, బాడీ ఒకటిగా కలిసిన సిల్వర్ షాడో వచ్చాక, ఆసామి కోరినట్టు బాడీ కట్టించుకునే వీలు దాదాపు పోయింది.

ప్యాకార్డ్ కథలో ఇంజనీరింగ్ లోపం కన్నా కంపెనీ బలహీనతే ఎక్కువ. మాంద్యం రోజుల్లో కంపెనీని బతికించడానికి 1935లో వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ధరకు వన్ ట్వంటీ మోడల్ తెచ్చారు. అది బాగా అమ్ముడుపోయింది. కానీ రాజులు, కోటీశ్వరులు ఎక్కే కారు పేరే మధ్యతరగతి కారుకూ తగలడంతో గౌరవం పలచబడింది. కాడిలాక్ వెనక జనరల్ మోటార్స్ ఉంది, చౌక కార్లను వేరే పేర్లతో అమ్మింది. ప్యాకార్డ్‌కు అలాంటి అండ లేదు. 1953 చివర్లో దాని బాడీలు చేసే బ్రిగ్స్ ఫ్యాక్టరీలను పోటీదారైన క్రైస్లర్ కొనేసింది. 1954లో స్టూడిబేకర్‌ను కలుపుకున్నా నష్టాలే మిగిలాయి. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ ఆగింది. 1958 తర్వాత ఆ పేరు కూడా పోయింది.

నిజాం మ్యూజియంలోని జాగ్వార్ మార్క్ ఫైవ్‌ మోడల్‌కు మొదటి నుంచీ తక్కువ ఆయుష్షే రాసిపెట్టి ఉంది. 1948లో అది బయటికొచ్చేసరికి కంపెనీ దగ్గర కొత్త ఎక్స్‌కే ఇంజన్ సిద్ధంగా ఉంది, దానికి తగ్గ పెద్ద సెడాన్ బాడీ మాత్రం తయారుకాలేదు. ఆ ఖాళీలో పాత ఇంజన్‌తో మార్క్ ఫైవ్ నడిచింది. 1950లో మార్క్ సెవెన్ వచ్చింది, 1951లో మార్క్ ఫైవ్ ఆగింది. మధ్యలోని సిక్స్ అనే అంకెను అప్పటికే బెంట్లీ వాడుకుంటోంది.

ఇటు మన దేశంలో కొనేవాళ్ల పరిస్థితి కూడా మారింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1953 తర్వాత, దేశంలోనే కారు తయారుచేయాలన్న ప్రభుత్వ విధానం వల్ల బొంబాయిలో కార్లు బిగించే జనరల్ మోటార్స్ 1954లో వెళ్లిపోయింది. పెద్ద కార్ల దిగుమతి కష్టమైంది. 1971లో రాజభరణాలు రద్దవడంతో సంస్థానాధీశుల కొనుగోళ్లకు మిగిలిన ఆధారమూ పోయింది. హోదాకు గుర్తుగా అంబాసిడర్ వచ్చింది. ఆ అంబాసిడర్ కూడా 2014లో ఉత్తర్‌పారాలో ఆగింది.

ఇటీవలి నిర్ణయాల్లోనూ ఈ కారణాలే పనిచేస్తున్నాయి. 2008లో టాటా మోటార్స్ చేతికి వచ్చిన జాగ్వార్, 1968 నుంచి ఉన్న ఎక్స్‌జే సెడాన్‌ను 2019లో ఆపింది. లింకన్ 2020లో కాంటినెంటల్‌ను ఆపింది. ఎత్తైన ఎస్‌యూవీల వైపు ఆసాములు మళ్లారు. కొద్ది సంఖ్యలో అమ్ముడయ్యే సెడాన్‌కు కొత్త ప్లాట్‌ఫాం, ఎలక్ట్రిక్ పరిజ్ఞానం సమకూర్చడం ఖర్చుతో కూడిన పని. రోల్స్‌రాయిస్ సైతం 2018లో కలినన్ ఎస్‌యూవీ తెచ్చింది. అయినా 1925 నాటి ఫాంటమ్ పేరు మధ్యలో విరామాలతో ఈనాటికీ ఆ కంపెనీ అగ్రశ్రేణి సెడాన్‌మీద ఉంది. దానికి తగ్గ ధర పెట్టగల ఆసాములు ఉన్నంతకాలం ఇలాంటి కార్లు తయారవుతూనే ఉంటాయి.