గల్ఫ్ సముద్రంలో చమురు ఒలికితే తాగునీటికి ఏమవుతుంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రం లేదు. అయినా ఇక్కడి ఇళ్ల నుంచి కువైట్, సౌదీ, ఖతర్ వెళ్లినవాళ్లు అక్కడ తాగేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. కువైట్, ఖతర్‌లలో పారే నది ఒక్కటీ లేదు. నీళ్లు తోడే ఆ సముద్రంలోనే చమురు ఓడలూ తిరుగుతాయి.

ఉప్పు తీసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. దానికి కావాల్సిన వేడి పక్కనున్న కరెంటు ప్లాంటు నుంచే వస్తుంది. చాలాచోట్ల రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి, రెండింటికీ సముద్రపు నీళ్లే కావాలి. తీరానికి చమురు తెట్టు చేరి నీళ్లు తోడటం ఆపితే కరెంటుకూ ఇబ్బందే. రెండోది ఆర్వో. ఫ్లోరైడ్ భయంతో మన ఊళ్లలో 20 లీటర్ల క్యాన్లు నింపేది ఈ పద్ధతితోనే, సైజు మాత్రం వేరు.

చమురు రెండింటినీ దెబ్బతీస్తుంది. ఆర్వో పొరలకు జిడ్డు పడితే కడిగినా పూర్తిగా పోదు, కొత్తవి వేయాల్సి రావచ్చు. ఆవిరి పద్ధతిలో బరువైన జిడ్డు కింద మిగిలిపోతుంది గానీ, బెంజీన్ లాంటి తేలికవి ఆవిరితోపాటే మంచినీళ్లలోకి వచ్చేస్తాయి. కంటికి కనబడవు కాబట్టి అసలు భయం వీటితోనే.

1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధంలో, ఇరాక్ సైన్యం కువైట్ తీరంలో చమురు వదిలింది. చాలా అంచనాలు 40 లక్షల పీపాలు దాటతాయి. అది సౌదీ తీరం వెంట 600 కిలోమీటర్లకు పైగా పాకింది. రియాద్‌కు నీళ్లు పంపే జుబైల్ ప్లాంటు చుట్టూ తేలే అడ్డుకట్టలు వేసి కాపాడారు. తెట్టులో చాలా భాగం అబూ అలీ దగ్గర తీరం వంపులో చిక్కుకోవడం కూడా కలిసొచ్చింది. 2017 ఆగస్టులో కువైట్‌లోని రాస్ అల్ జోర్ దగ్గర చమురు కనబడినప్పుడూ ప్లాంట్ల ముందు ఇలాంటి అడ్డుకట్టలే వేశారు.

మన దగ్గర చూస్తే, అదే ఏడాది జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది. థర్మల్ ప్లాంట్లు, మింజూరు ఉప్పునీటి శుద్ధి ప్లాంటు ఉన్నదీ ఆ తీరంలోనే.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఫోన్‌లో ఒక మాట చెప్పండి. నల్లా నీళ్లు కిరోసిన్ వాసన వస్తే తాగొద్దు, వంటకు వాడొద్దు. మరగబెడితే సూక్ష్మక్రిములు చస్తాయి తప్ప చమురు పోదు, పైగా ఆ ఆవిరి గదిలో నిండుతుంది. ప్రభుత్వ ప్రకటన వచ్చేదాకా సీసా నీళ్లే వాడాలి.