లూపిన్ ది థర్డ్: ది ఫస్ట్

2019 డిసెంబరులో విడుదలైన జపనీస్ సాహస చిత్రం. దర్శకుడు తకాషి యమజాకి. మంకీ పంచ్ 1967లో మాంగా బొమ్మల కథల్లో సృష్టించిన గజదొంగ లూపిన్‌ను పూర్తి నిడివి త్రీడీ కంప్యూటర్ యానిమేషన్‌లో చూపిన మొదటి సినిమా ఇదే. కథాస్థలం 1960ల నాటి ఫ్రాన్స్. ఎవరూ తెరవలేని బ్రెస్సన్ డైరీ కోసం లూపిన్, పురావస్తు శాస్త్రమంటే ప్రాణమిచ్చే లెటీషియా, మిగిలిపోయిన నాజీలు పోటీపడతారు. కథ పాత బాణీదే. అసలు ఆనందం బొమ్మలో ఉంది: గీతల్లో పుట్టిన ఆ కోలముఖం, సన్నని పొడుగు కాళ్లు, కొంటెనవ్వు త్రీడీలోకి వచ్చినా బిగుసుకుపోలేదు. లూపిన్ దూకినా, జారినా ఒంట్లో ఆ పాత చురుకే కనిపిస్తుంది. యూజీ ఓనో జాజ్ సంగీతం ఆ పరుగుకు ఊపునిస్తుంది. ఇంత ముచ్చటైన రూపం తెరపైకి రాకముందే, అదే ఏడాది ఏప్రిల్‌లో మంకీ పంచ్ కన్నుమూశారు.