గలగండం, ఉప్పు, ఒక శ్రీకాకుళం వైద్యుడు

"నాకు థైరాయిడ్ ఉందండీ" అన్న మాట ఈ కాలంలో ఏ పెళ్ళిపందిట్లో నలుగురు కూర్చున్నా ఒక్కసారైనా వినబడుతుంది. థైరాయిడ్ లేనివారంటూ ఎవరూ ఉండరు. కంఠం ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో అందరికీ ఉండే గ్రంథి అది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని అవటుగ్రంథి అన్నాయి కానీ ఆ పేరు పుస్తకం దాటి రాలేదు. ఆ మాట వెనువెంటనే సలహాలు కూడా వస్తాయి: ధనియాల కషాయం తాగమని ఒకరు, దేవకాంచనం బెరడు మంచిదని ఒకరు, క్యాబేజీ ముట్టవద్దని ఇంకొకరు, ప్యాకెట్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమని మరొకరు. మూలికల మీద నాకు చులకన భావమేమీ లేదు. అయితే ఈ గ్రంథికి ఆహారంతో వైద్యం చెయ్యడమన్నదానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన శ్రీకాకుళంలో పుట్టిన వైద్యుడొకరు ముఖ్య పాత్రధారి. అది తెలిసినవారు ఆ చివరి సలహాను మాత్రం ఇవ్వరని నా నమ్మకం.

గొంతు దగ్గర వాపు వేలాడే వ్యాధిని మన ప్రాచీనులు గలగండం అన్నారు. సుశ్రుతుడు దాన్ని వర్ణించాడు. వాత, కఫ, మేదో భేదాలు కూడా చెప్పాడు. దానికి పక్కనే గండమాల అని మరొక వ్యాధి ఉంది. మెడ చుట్టూ గడ్డలు మాలలాగా కట్టడం దాని లక్షణం. అది అవటుగ్రంథికి సంబంధించినది కాదు, మెడలోని లింఫు గ్రంథుల వాపు అని నేటి వైద్యుల అభిప్రాయం. ఈ భేదాన్ని ఎందుకు ఎత్తుతున్నానంటే, నేడు థైరాయిడ్ మందుగా అంగళ్ళలో అమ్ముడుపోతున్న కాంచనార గుగ్గులును శార్ఙ్గధరుడు ప్రధానంగా చెప్పినది గండమాలకు. పేర్లలోని 'గండం' ఒకటే కావడంతో మందు ఒక రోగం నుంచి ఇంకో రోగానికి జారినట్టు కనిపిస్తుంది.

గలగండానికి నిజంగా పనిచేసిన పాత మందులు వేరే ఉన్నాయి, వాటి జాడ సముద్రంలో ఉంది. చైనాలో నాలుగవ శతాబ్దం నాటికే సముద్రపు నాచును ఈ వాపుకు వాడారు. ఐరోపాలో మధ్యయుగాల నుంచి సముద్రపు స్పాంజిని కాల్చి ఆ బూడిద ఇచ్చేవారు. ఎందుకు పనిచేస్తుందో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. 1811లో ఫ్రాన్సులో బెర్నార్ కూర్త్వా అనే సురేకారపు తయారీదారు సముద్రపు నాచు బూడిదతో పని చేస్తూ గంధకామ్లం కాస్త ఎక్కువ పోశాడు. ఊదారంగు ఆవిరి లేచింది. అదే అయోడిన్. నెపోలియన్ యుద్ధాలకు తుపాకిమందు కావలసిరావడం వల్ల జరిగిన పని అది, వైద్యం కోసం కాదు. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే, స్పాంజి బూడిదలోని గుణం ఈ కొత్త పదార్థానిదే అయివుంటుందని ఊహించి నేరుగా అయోడిన్ ద్రావణమే ఇచ్చాడు. వాపులు తగ్గాయి. కానీ అందరూ ఎగబడి మోతాదు మించి తాగడంతో గుండెదడ, బరువు తగ్గడం మొదలై మందుకు చెడ్డపేరు వచ్చింది.

ఆ మోతాదు సంగతే ఈ కథకు ప్రాణం. మనిషికి రోజుకు కావలసిన అయోడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు. డెబ్భై ఏళ్ళ జీవితానికి మొత్తం లెక్కగట్టినా నాలుగు గ్రాములు దాటదు, అంటే ఒక చెంచాడు. అయితే ఆ చెంచాడూ ఒకేసారి మింగి ఊరుకోవడానికి వీల్లేదు. రోజూ కణమంత అందాలి. వానలూ మంచునదులూ యుగయుగాలుగా నేలను కడిగేసిన పర్వతప్రాంతాల్లో ఆ కణం కూడా మిగలదు. మట్టిలో లేనిది గింజలోకి రాదు, గడ్డిలోకి రాదు, పాలలోకి రాదు. అప్పుడు గ్రంథి దొరికిన కాస్తనూ పట్టుకోవాలని పెరుగుతూ పోతుంది. వాపు పైకి కనిపించేది మాత్రమే. తల్లికి అయోడిన్ బాగా కొరవడితే బిడ్డ బుద్ధి ఎదగక, మాట రాక, చెవుడుతో పుట్టవచ్చు. ఆల్ప్స్ లోయల్లోనూ హిమాలయ లోయల్లోనూ అలాంటి బిడ్డలు తరతరాలుగా పుట్టారు. ఊరికి పట్టిన శాపమని అనుకున్నారు.

అమెరికాలో ఏక్రన్ పట్టణపు బడిపిల్లల మీద డేవిడ్ మెరీన్ 1917లో మొదలుపెట్టిన పరీక్ష సందేహాలు తీర్చింది. అయోడిన్ పుచ్చుకున్న 2190 మంది బాలికల్లో ఐదుగురికి వాపు వస్తే, పుచ్చుకోని 2305 మందిలో 495 మందికి వచ్చింది. 1922లో స్విట్జర్లాండులో అయోడిన్ కలిపిన ఉప్పు అమ్మకానికి వచ్చింది, 1924లో మిషిగన్ రాష్ట్రంలో వచ్చింది.

మన దేశంలో ఈ వ్యాధి వెంటపడినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు. గిల్గిత్‌లో ఒకే కాలువ నీటిని వరసగా వాడుకునే గ్రామాల్లో, కాలువ కిందికి పోయేకొద్దీ రోగులు ఎక్కువ కావడం ఆయన గమనించాడు. నీటిలోని మలినమే కారణమని తలచి, ఆ నీటి మడ్డిని తానూ తాగాడు, ఒప్పుకున్న మరికొందరికీ తాగించాడు. కొందరికి గొంతు వాచింది కూడా. సూక్ష్మజీవులే మూలమన్న ఆయన సిద్ధాంతం నిలవలేదు. కానీ 1918లో ఆయన కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధన పెరిగి, తరువాత హైదరాబాదుకు తరలి, నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ కూనూరు పరిశోధనశాలలోనే పనిచేసినవారు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చారు. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు ఆచార్యులుగా వెళ్ళి, దానికే సంచాలకులయ్యారు. ఆయనా సహచరులూ 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన పని, నా దృష్టిలో స్వతంత్ర భారతపు గొప్ప వైద్య ప్రయోగాల్లో ఒకటి. కాంగ్రా అప్పటికి పంజాబులో భాగం. లక్ష మందికి పైగా జనం ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మధ్య మండలానికి మామూలు ఉప్పు. అంతే. ఎవరి తిండీ మార్చలేదు, ఎవరికీ పథ్యం చెప్పలేదు. మొదట మూడు మండలాల్లోనూ బడిపిల్లల్లో నూటికి దాదాపు నలభై మందికి వాపు ఉండేది. ఆరేళ్ళ తరువాత చూస్తే అయోడిన్ అందిన రెండు మండలాల్లో అది సగానికో, అంతకంటే దిగువకో వచ్చింది. మధ్య మండలంలో ఎక్కడిదక్కడే ఉంది.

మన ఉప్పు తేమ పట్టేది, మలినాలు ఉండేది. అలాంటి ఉప్పులో అయోడైడ్ నిలవదు, అయోడేట్ నిలుస్తుంది. నేటికీ మన ప్యాకెట్లలో ఉండేది అయోడేటే.

ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా ఆ మధ్య మండలం నా మనసులో మెదులుతుంది. ప్రయోగమన్నాక పోల్చి చూడడానికి ఒక వర్గం ఉండాలన్నది న్యాయమే. ఆ వర్గం లేకపోతే మిగిలిన రెండింటి ఫలితాన్ని ఎవరూ నమ్మరు, ప్రభుత్వం కదలదు. కానీ ఆ ఆరేళ్ళలో అక్కడ కడుపుతో ఉన్న తల్లులకు ఏ ఉప్పు చేరిందన్నది కూడా ప్రశ్నే కదా. తరువాత ఆ మండలానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. అక్కడా వాపులు తగ్గాయి. నేటి నైతిక సంఘాలు ఇలాంటి విభజనకు ఒప్పుకోవని నా అభిప్రాయం. అయినా ఆ లోయ పిల్లల కంఠాల మీద తేలిన లెక్కే 1962 నాటి జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమానికి ఆధారమైంది.

అది కొండల జబ్బే అనుకున్నంతకాలం పథకం మందకొడిగా నడిచింది. ఢిల్లీలోనూ ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లోనూ సర్వేలు జరిగాక మైదానాలు కూడా క్షేమం కాదని తేలి, 1980లలో దేశమంతటా ఉప్పులో అయోడిన్ కలపాలన్న నిర్ణయం వచ్చింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న కేంద్ర నిషేధం 1998లో అమలైంది, 2000లో ఎత్తివేయబడింది, 2006లో మళ్ళీ వచ్చింది. ఉప్పు మీద ప్రభుత్వం పెత్తనమేమిటన్నారు వ్యతిరేకులు. గాంధీగారి దండియాత్ర జరిగిన దేశంలో అది తేలిక మాట కాదు. చిన్న కొఠార్ల వాళ్ళు నష్టపోతారన్న వాదనలో నిజం ఉంది. రామలింగస్వామిగారి సొంత జిల్లాలోనే నౌపడ ఉప్పుమళ్ళు ఉన్నాయి మరి.

నౌపడ అన్నాను కాబట్టి, చాలామందికి కలిగే సందేహం ఒకటి చెప్పాలి. సముద్రపు నాచులో అయోడిన్ ఉన్నప్పుడు సముద్రపు ఉప్పులో ఎందుకు లేదు? సముద్రజలంలోనే అది అత్యల్పం. నాచు దాన్ని పట్టి పోగుచేసుకుంటుంది, చేప కూడా కొంత చేసుకుంటుంది. ఉప్పుమడిలో గడ్డకట్టే స్ఫటికానికి ఆ నేర్పు లేదు. అయోడిన్ కలపని కల్లుప్పులో అది లెక్కలోకి రానంత తక్కువ, సైంధవ లవణంలోనూ అంతే. లవణాల్లో సైంధవం శ్రేష్ఠమని చరకుడు చెప్పిన మాటను నేను కాదనను. చరకుడు దాన్ని గలగండానికి మందుగా చెప్పలేదు. గులాబిరంగు ఉప్పు తెచ్చుకుని, పాలూ చేపలూ గుడ్లూ కూడా మానేసిన గర్భిణి ఇంట్లో, కాంగ్రా మధ్య మండలాన్ని మనమే మళ్ళీ ఏర్పాటు చేసుకుంటున్నాం.

ఇక నేడు పట్టణాల్లో ఎక్కువగా కనిపించే థైరాయిడ్ లోపం వేరే జాతిది. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధి అది. శరీరం తన గ్రంథిని తానే దెబ్బతీసుకుంటుంది. దానికి ఉప్పు మందు కాదు. అయోడిన్ అతిగా తింటే కీడు కూడా. క్యాబేజీ భయం 1928లో అమెరికాలో కుందేళ్ళకు రోజుల తరబడి క్యాబేజీయే ప్రధానంగా పెట్టిన ప్రయోగంతో మొదలైంది. వండుకుని తినే మన కూరకు ఆ భయం అక్కర్లేదు. ధనియాల కషాయం తాగాలనిపిస్తే తాగవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని వైద్యుడిచ్చిన మాత్ర మానకూడదు.

గ్రంథి పనిచెయ్యనివారికి ఆహారంతోనే తొలి వైద్యం జరిగిన మాట మాత్రం నిజం. ఆ ఆహారం మూలిక కాదు, గొర్రె. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రీ అనే యువవైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. మరుసటి సంవత్సరమే వేరే వైద్యులు ఆ గ్రంథిని నోటి ద్వారా ఇచ్చినా చాలునని కనిపెట్టారు. మర్రీ వైద్యం చేసినామె ఇరవయ్యెనిమిదేళ్ళు ఆ మందు మీదే ఉండి, 74వ ఏట, 1919లో మరణించింది.