ఆంగ్లనిఘంటువులు – అక్షరములను బట్టి పదాన్వేషణము

నిఘంటువు పదమెఱిఁగినవానికి అర్థమును దెలుపును. పదమే తెలియక, అందలి కొన్ని యక్షరములు మాత్రము తెలిసినవానికి అది యంతగాఁ దోడుపడదు. మొదటి యక్షరము తెలిసినచో దారి కొంత దొరకును. నడిమిదియో కడపటిదియో మాత్రమే తెలిసినచో గ్రంథమంతయుఁ దిరుగవేయవలసినదే. ఈ కొఱఁతను దీర్చుటకు ఆంగ్లభాషలో జరిగిన యత్నములు నాలుగు శతాబ్దములకు మించిన చరిత్రము గలవి. వానిని కాలక్షేపక్రీడలుగా నెంచువారు కలరు. కాని పరిశీలించినచో, అవి నిఘంటురచనలో నొక యంగమనియే తేలుచున్నది.

ఆంగ్లమున మొదటి యక్షరమును బట్టి వెదకుటయు నొకప్పుడు నేర్పవలసిన విద్యయే. రాబర్టు కాడ్రే 1604 లో వెలువరించిన ‘టేబుల్ ఆల్ఫబెటికల్’ ఆంగ్లపదములకు ఆంగ్లమునందే యర్థము చెప్పిన మొదటి నిఘంటువు. అందలి పదములు దాదాపు 2500. ‘ఏ’తో మొదలగు పదమును గ్రంథాదియందును, ‘వీ’తో మొదలగుదానిని తుదిదెసను వెదకవలెనని అతఁడు చదువరులకు బోధింపవలసివచ్చెను. అంతకు 34 సంవత్సరములు పూర్వమే, 1570 లో, పీటర్ లెవిన్సు ‘మానిప్యులస్ వొకాబ్యులోరమ్’ అను ఆంగ్ల లాటిన్ పదకోశమున పదములను వాని తుదిభాగములను బట్టి కూర్చియుండెను. కావున తుదినుండి వెదకు పద్ధతి యర్వాచీనుల వింతకల్పన గాదు.

ఈ పద్ధతిని సంపూర్ణముగా నడపినవాఁడు జాన్ వాకరు (1732–1807). ఇతఁడు మొదట నటుఁడు; పిమ్మట ఉచ్చారణమును బోధించుటయే వృత్తిగాఁ గొనెను. 1775 లోఁ బ్రకటించిన నిఘంటువున ఇతఁడు పదములను కడపటి యక్షరమును బట్టియు, అది సమానమైనచో దాని ముందరి యక్షరమును బట్టియు వరుసగా నమర్చెను. కవులకు అంత్యప్రాసపదములను జేకూర్చుట దాని ప్రయోజనములలో నొకటి.

ఇందొక చిక్కు కలదు. ఆంగ్లమున వ్రాఁత వేఱు, పలుకు వేఱు. ఓ, యూ, జీ, హెచ్ అను నాలుగక్షరములు తుదియందుఁ గల పదములు వాకరు క్రమమున నొక్కచోటనే చేరును. కాని వానిలో దగ్గును దెలుపునది ‘కాఫ్’ అనియు, గరుకును దెలుపునది ‘రఫ్’ అనియు, కొమ్మను దెలుపునది ‘బౌ’ అనియు, ‘అయినను’ అను నర్థము గలది ‘దో’ అనియు, ‘గుండ’ అను నర్థము గలది ‘త్రూ’ అనియుఁ బలుకఁబడును. అక్షరములు సమానములే, ప్రాస యే రెంటికిని గుదురదు. అందుచేతనే కాఁబోలు, వాకరు ప్రాసలుగా నంగీకరింపఁదగిన పదముల పట్టికను కవిప్రయోగములతో వేఱుగాఁ జేర్చెను. అక్షరములను బట్టి వెదకుట వ్రాఁతను బట్టి వెదకుటయే కాని ధ్వనిని బట్టి వెదకుట గాదని యీ గ్రంథము స్పష్టపఱచుచున్నది.

సంస్కృతకోశకారులకు ఈ మార్గము పరిచితమే. మహేశ్వరుఁడు 1111 లో రచించిన విశ్వప్రకాశమును, తరువాతిదగు మేదినీకోశమును నానార్థపదములను కడపటి హల్లును బట్టియు అక్షరసంఖ్యను బట్టియు వర్గములుగా విభజించినవి. అరబ్బీభాషలో 8వ శతాబ్దివాఁడగు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ మఱియు నొక యడుగు ముందునకు వేసెను. అతని ‘కితాబ్ అల్ ఐన్’ మూఁడు హల్లులను గైకొని, వానిని తాఱుమాఱు చేయఁగా నేర్పడు ఆఱు రూపములను ఒక్కచోట నుంచి, వాడుకలో నున్నవానిని లేనివానినుండి వేఱుపఱచును. అక్షరసముదాయము నుండి పదములను రాఁబట్టు పద్ధతికి ఇది ప్రాచీనమైన గొప్ప నిదర్శనము.

ఆంగ్లమున ఈ యన్వేషణము సామాన్యజనులలో వ్యాపించుటకు 20వ శతాబ్ది వినోదములు కారణములు. 1913 డిసెంబరు 21 న ఆర్థర్ విన్ ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలోఁ బ్రకటించిన పదబంధప్రహేళిక వీనిలో మొదటిది. తరువాత ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి, ఆర్థికమాంద్యమున పని లేకయున్న దినములలో, పత్రికలయందు ఏ యక్షరము ఎన్నిమాఱులు వచ్చునో లెక్కించి యొక క్రీడను గల్పించెను. అది 1948 లో ‘స్క్రాబుల్’ అను పేరు పొందినది. అందలి 100 బిళ్ళలలో ‘ఈ’ 12 మాఱులును, ‘క్యూ’, ‘జడ్’ ఒక్కొక్కమాఱును వచ్చును.

క్రమము లేని యక్షరములనుండి పదమును గనుటకు సులభోపాయ మొకటి కలదు. ప్రతిపదములోని యక్షరములను వర్ణమాలాక్రమమున నమర్చి, ఆ కూర్పును శీర్షికగా నుంచవలెను. ఏ, ఈ, టీ అను శీర్షిక క్రింద తినుటను, తినుట జరిగినదనుటను, తేయాకును దెలుపు మూఁడు పదములును జేరును. ఖలీలు మార్గమునకు ఇది సోదరమార్గము. గణనయంత్రములు వచ్చిన పిమ్మట ఈ శ్రమ తగ్గినది. ఏ. ఎఫ్. బ్రౌన్ 1963 లో వాని సాయముననే ఆంగ్లపదములకు అనులోమ విలోమసూచికను ఎనిమిది సంపుటములలో వెలువరించెను.

ఈ విద్య క్రీడామాత్రము గాదనుటకు లాటిన్ భాషయే సాక్ష్యము. ఆటో గ్రాడెన్విట్సు 1904 లోఁ బ్రకటించిన లాటిన్ సూచిక పదములను మొదటినుండియుఁ దుదినుండియుఁ గూర్చినది. శాసనమున మొదటి యక్షరములు చెదరి తుదివి మాత్రము మిగిలినచోట లోపమును బూరించువానికి అట్టి సూచిక కన్నువంటిది. తెలుఁగు పద్యమునకును ఇట్టి యవసరమే కలదు. ప్రాసస్థానము రెండవయక్షరము, కవి వెదకునది రెండవయక్షరమును బట్టియే. మొదటి యక్షరమును బట్టి కూర్చిన నిఘంటువు యతికిఁ దోడగును గాని ప్రాసకుఁ దోడుగాదు. నిఘంటువునకు ద్వారము లనేకములు. అకారాదిక్రమము వానిలో నొకటి మాత్రమే.