ఆగ్నేయ మూల పాట

అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో మా పెద్దమ్మ వంటింటి కిటికీ చట్రానికి ఇప్పటికీ రెండు మేకులున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి తలలు ఊడిపోయిన మేకులు. ఒకప్పుడు వాటికి అరచేయంత ప్లాస్టిక్ పలక ఒకటి నైలాన్ తాడుతో కట్టి ఉండేది. పలక నుంచి సన్నటి తీగ, ఆ తీగ చివర పోపుల డబ్బా పక్కన చిన్న రేడియో. పొద్దున్నే టీ నీళ్ళు పడేసినప్పుడు మొదలై రాత్రి అంట్లు బోర్లించేదాకా అందులోంచి తెలుగు వినబడేది. ఆ చానెల్ పేరు స్పందన. దాన్ని ఆకాశం నుంచి పంపిన సంస్థ వరల్డ్‌స్పేస్. 2009 డిసెంబర్ 31తో మన దేశంలో రెండూ మూగబోయాయి.

రేడియో వంటింట్లోకి ఎందుకు చేరిందో చెప్పాలి. వరల్డ్‌స్పేస్ వారి ఆసియాస్టార్ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేది. పోర్ట్‌బ్లెయిర్ ఉన్నది 92, 93 డిగ్రీల మధ్య. (పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. నా నోట మాత్రం పాత పేరే వస్తుంది.) ఆ లెక్కన మా ఇంటి నుంచి చూస్తే ఉపగ్రహం సరిగ్గా ఆగ్నేయాన, ఇంచుమించు నడినెత్తికి దగ్గరగా నిలబడి ఉంటుంది. తెలుగువాళ్ళ ఇంట్లో ఆగ్నేయం అంటే పొయ్యి గది. ముందుగదిలో పెడదామని పెదనాన్న రెండు రోజులు పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. సిగ్నల్ గీతలు లేవలేదు. వంటింటి కిటికీలో పెట్టగానే లేచి నిలబడ్డాయి. "అగ్నిదేవుడి మూల గదరా, అక్కడే పలుకుతాది" అంది పెద్దమ్మ, అంతా ముందే తెలిసినట్టు.

ఇంకో మాట నన్ను చాలాకాలం మురిపించింది. హైదరాబాదు వాళ్ళకి అదే ఉపగ్రహం ఆకాశంలో కాస్త కిందికి, ఏటవాలుగా ఉండేది. మాకు అంతకన్నా పైన, అంతకన్నా దగ్గర. రేషన్ బియ్యం నుంచి సినిమా దాకా ప్రతిదీ ఓడ దాటి ఆలస్యంగా వచ్చే దీవిలో, తెలుగు పాట ఒక్కటి మాకే దగ్గరి దారిన వచ్చేది.

అండమాన్‌లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 50 వేలమంది, అంటే నూటికి 13 మంది. చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరం నుంచి చేపల వేటకో కూలి పనికో వచ్చి ఉండిపోయినవాళ్ళు. మా వాళ్ళూ అంతే. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే రెండు రోజులు దాటాక పోర్ట్‌బ్లెయిర్. ఆకాశవాణి పోర్ట్‌బ్లెయిర్ 1963 నుంచీ ఉంది, కానీ అప్పట్లో దీవిలో మాట్లాడే అన్ని భాషలకీ అది ఒక్కటే రేడియో. రాత్రి పూట, సముద్రం నిమ్మళంగా ఉంటే, మీడియం వేవ్‌లో విశాఖపట్నం కేంద్రం దొరికేది. అలల్లాగే ఆ గొంతు దగ్గరికొచ్చేది, దూరమయ్యేది. పల్లవి వినబడి చరణం సముద్రంలో కలిసిపోయేది. నా చిన్నప్పుడు ఎన్నో పాటలు నాకు సగమే తెలుసు. వాటి మిగతా సగాలు స్పందనలోనే మొదటిసారి విన్నాను.

స్పందనని పంపిన వరల్డ్‌స్పేస్ పుట్టుకలో వ్యాపారం కన్నా ఒక మనిషి బెంగ ఎక్కువ కనబడుతుంది. నోవా సమారా ఇథియోపియాలో పుట్టాడు, అమెరికాలో న్యాయం చదివి ఉపగ్రహాల రంగంలోకి వెళ్ళాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ పాకుతున్న తీరు మీద పత్రికలో వచ్చిన కథనం చదివి, అక్కడి జనానికి కనీస సమాచారం అందే దారి లేదే అని కలత పడి ఈ పని తలకెత్తుకున్నానని చెప్పేవాడు. 1990లో వరల్డ్‌స్పేస్ మొదలుపెట్టాడు. స్టేషన్లు కట్టలేని దేశాలకి, తీగలు చేరని ఊళ్ళకి నేరుగా ఆకాశం నుంచే రేడియో. 1998 అక్టోబరులో ఆఫ్రీస్టార్, 2000 మార్చిలో ఆసియాస్టార్, రెండూ ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఆరియాన్ రాకెట్ల మీద లేచాయి. మూడోది, అమెరీస్టార్, నేల విడవనే లేదు.

మన దేశంలో వాళ్ళ ప్రధాన కార్యాలయం బెంగళూరు. కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గంధర్వ్, పాత హిందీ పాటలకి ఫరిష్తా, తెలుగుకి స్పందన, కన్నడానికి స్పర్శ. మొదట్లో ఉచితంగా విన్నాం, తర్వాత ఏడాది చందా పెట్టారు. డబ్బు కట్టి రేడియో వినడమేమిటని నవ్వినవాళ్ళున్నారు. ఒక్కసారి విన్నాక నవ్వు ఆపేశారు. పాటకీ పాటకీ మధ్య సబ్బుల ప్రకటనలు లేవు, గరగర లేదు. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడేది. 2006లో ఏ.ఆర్. రెహమాన్ వాళ్ళ ప్రచారకర్త అయ్యాడు. అంతకు ముందు ఏడాది, 2005 ఆగస్టులో, కంపెనీ వాటా అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో 21 డాలర్లకి అమ్మకానికొచ్చింది. అది వాళ్ళ పున్నమి.

వాన సంగతి చెప్పకపోతే మా దీవి రేడియో కథ చెప్పినట్టు కాదు. మాకు మే నెలలో పట్టిన వాన మధ్యలో ఊపిరి తీసుకుంటూ డిసెంబర్ దాకా కురుస్తుంది. డిష్ టీవీ వచ్చాక తెలుగు చానెళ్ళు మాకూ వచ్చాయి, కాదనను. కానీ మబ్బు దట్టంగా కమ్మితే డిష్ బొమ్మ ముక్కలై ఆగిపోయేది. ఈ రేడియో తరంగం వేరు, ఎల్ బ్యాండ్‌ది. వాన దాన్ని అంతగా అడ్డుకోదు. ఊరంతా కరెంటు పోయి, టీవీలు పోయి, రేకుల మీద నీళ్ళ హోరులో మాటకి మాట వినబడని సాయంత్రం, బ్యాటరీల మీద ఆ చిన్న డబ్బా తొణక్కుండా పాడేది. ఆపగలిగింది ఒక్కటే, తడిసిన ఆకు. కిటికీ బయట ఏటవాలుగా పెరిగిన కొబ్బరి చెట్టుంది. వానకి బరువెక్కిన మట్ట వంగి పలకకీ ఆకాశానికీ అడ్డం పడితే పాట తెగేది. పెద్దమ్మ కేకేసేది. నేను చెట్టెక్కి ఆ మట్ట నరికేవాణ్ణి. పాట అందుకునేది. ఆ ఇంట్లో నాకు పడిన ఉద్యోగం అదే.

ఆమె టీవీ ముందు ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోవడానికి తీరిక ఎక్కడిది? చేపలు తోమాలి, చింతపండు పిసకాలి, పెరట్లో పోకచెక్కలు ఎండేసి వాన చినుకు పడితే ఎత్తాలి. పాట ఆమె వెంట చేతులు ఖాళీ లేని పనుల్లో తిరిగేది. ఒక రోజు ఘంటసాల పాట వస్తుంటే వంకాయ కోస్తున్న కత్తిపీట మీద చెయ్యి అలాగే ఆపి వింది. పాటయ్యాక, "మా ఊళ్ళో తీర్థంలో మైకులో ఏసీవోరు ఇది" అని మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. ఊరు వదిలి ముప్పై ఏళ్ళు దాటిందప్పటికి. పుట్టింటి గురించి ఆమె నోట నేను విన్న పొడవైన మాట అదే.

పతనం పైనుంచి మొదలైంది. ఉపగ్రహం కట్టి, ఎగరేసి, నిలబెట్టడానికైన అప్పు ఏడాది చందాలతో తీరేది కాదు. 2004 చివర్లోనే 15 కోట్ల 50 లక్షల డాలర్ల రుణపత్రాలు జారీ చేశారు. వినడానికి వేరే డబ్బా కొనాలి, పలకకి ఆకాశం కనబడాలి, కారులో వెళుతూ వినాలంటే నగరాల్లో నేల మీద రిపీటర్లు పెట్టాలి. వాటి గురించి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే సిఫార్సులు చేసింది. అనుమతి మాత్రం రాలేదు. అదే రోజుల్లో ప్రైవేటు ఎఫ్ఎంలు ఊరూరా లేచాయి, సెల్‌ఫోన్లోకి పాటలు దిగాయి. రెండూ ఉచితం. 21 డాలర్ల వాటా డాలరు కిందికి జారింది. 2008 అక్టోబర్ 17న కంపెనీ అమెరికాలోని డెలావేర్ కోర్టులో దివాలా రక్షణ కోరింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ప్రపంచం మొత్తంలో వాళ్ళ చందాదారుల్లో నూటికి తొంభై మందికి పైగా మన దేశం వాళ్ళే. డబ్బు కట్టి మరీ ఆ రేడియోని ప్రేమించింది మనమే. కంపెనీ ఆస్తులు కొనడానికి ముందుకొచ్చిన వాళ్ళకి మాత్రం ఇండియాలోని చందా వ్యాపారం అక్కర్లేకపోయింది. అందుకే సేవలు ఆపేస్తున్నామని 2009 డిసెంబరులో శ్రోతలకి చెప్పారు, గడువు నెలాఖరు. ఎక్కడ ఎక్కువమంది విన్నారో ఆ చోటే లెక్కలో పనికిరానిదైంది. సమారాని నేను తప్పుపట్టలేను. ఎవరికీ అందని చోటికి గొంతు పంపాలనుకున్నవాడు, మా దాకా నిజంగానే పంపాడు. ఆ గొంతుకి ఖర్చెంతో తెలిసినవాళ్ళెవరూ దాన్ని నిలబెట్టడానికి రాలేదన్నదే నా బాధ.

బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నవాళ్ళు బాధపడ్డారు, పత్రికల్లో రాశారు. వాళ్ళకి చుట్టూ ఎఫ్ఎంలున్నాయి, ఇంట్లో ఇంటర్నెట్ ఉంది, వీధి చివర సీడీల కొట్టుంది. నెల తిరక్కుండా కొత్త అలవాటు పడింది. మాకు చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చి నెట్ నిలకడగా పనిచేయడం మొదలైంది 2020 ఆగస్టులో. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ అది. స్పందన ఆగిన రోజుకీ ఆ తీగ పలికిన రోజుకీ మధ్య పదేళ్ళ ఏడు నెలలు. అంతకాలం ఆ వంటింట్లో కుక్కర్ కూత, వాన చప్పుడు, అంతే.

ఆగిపోతుందన్న కబురు నాకు డిసెంబర్ ఆఖరి వారంలో అబర్డీన్ బజార్లో ఒక నెట్ సెంటర్లో తెలిసింది. పేజీ తెరుచుకోవడానికి పట్టిన ఐదు నిమిషాల్లో అది ఇంకేదైనా కంపెనీ అయితే బావుండునని కోరుకున్నాను. ఇంటికొచ్చాను. పెద్దమ్మ పాట వింటూ పీతలు కడుగుతోంది. చెప్పలేకపోయాను. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. ముప్పై ఒకటో తారీకు రాత్రి పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే ఆమె ఎప్పటిలాగే అంట్లు బోర్లించి, రేడియో కట్టేసి, పడుకుంది.

జనవరి ఒకటి పొద్దున్న నన్ను కేకేసింది.

"బాబూ, పాట రాట్లేదురా. మట్ట అడ్డం పడినట్టుంది. ఓపాలి సూడు."

బయటికొచ్చి చూశాను. రాత్రంతా వాన లేదు. మట్ట పొడిగా, పలకకి బారెడు పక్కగా ఉంది. పెద్దమ్మ కిటికీలోంచి తల పైకెత్తి చూస్తోంది, చేతిలో ఇంకా తడి పిండి. నేను కత్తి నడుముకి దోపుకుని చెట్టెక్కాను. ఆ మట్ట నరికాను. దాని పక్కదీ నరికాను. ఆ వైపు ఇంకొకటి మిగిలితే అదీ నరికాను. కిందికి చూస్తే పెద్దమ్మ పలకని చీరచెంగుతో తుడుస్తోంది.

"ఇప్పుడు బాగా కనబడతంది ఆకాశం" అంది, రేడియో మీట నొక్కుతూ.