ధ్వని నుండి గ్రంథనిధికి – లిక్లైడర్ మహాశయుని జీవితకృషి

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి గావించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, గ్రంథాలయమను మాటకే క్రొత్త యర్థమును భావించిన యొక విదేశీయ పండితుని చరిత్రమును పాఠకమహాశయులకు విన్నవించుట యుచితమని తలంచితిని. ఆయన గ్రంథాలయాధికారి కాడు, కవియు కాడు. చెవికి వినబడు ధ్వనిని పరిశోధించుటతో నారంభించి, దేశరక్షణ శాఖల పనులలో ఆరితేరి, తుదకు కంప్యూటరనబడు గణనయంత్రమును మానవుని యాలోచనకు సహచరునిగా దర్శించిన శాస్త్రవేత్త. ఆయన పేరు జోసెఫ్ కార్ల్ రాబ్నెట్ లిక్లైడర్. మిత్రులు ‘లిక్’ అని పిలిచెడివారు.

లిక్లైడర్ 1915వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జన్మించెను. ఆ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున భౌతికము, గణితము, మనస్తత్త్వము అను మూడు శాస్త్రములలోను 1937లో పట్టము నందెను. పిమ్మట రాచెస్టర్ విశ్వవిద్యాలయమున శ్రవణేంద్రియ విషయమై పరిశోధించి 1942లో డాక్టరు బిరుదము గైకొనెను. మనస్సు నెఱిగినవాడు యంత్రము నెఱుగుట యరుదు. యంత్రము నెఱిగినవాడు మనస్సు నెఱుగుట మఱింత యరుదు. ఈ రెండును ఆయనయందు చేరియుండుటయే తరువాతి కథకెల్ల మూలము.

మన తార్కికులు శబ్దమును ఆకాశము యొక్క గుణముగా నిరూపించిరి. రెండవ ప్రపంచ సంగ్రామమున ఆ ఆకాశమునందే శబ్దమునకు గొప్ప సంకటము వాటిల్లెను. బాంబులు వేయు విమానములలో ఇంజనుల హోరు వలన ఒకరి మాట యొకరికి వినబడెడిది కాదు. ఆజ్ఞ వినబడనిచో ప్రాణములకే ముప్పు. ఈ చిక్కును విడదీయుటకై హార్వర్డ్ విశ్వవిద్యాలయమున రెండు పరిశోధనశాలలు వెలసెను. యంత్రభాగమును పరిశీలించు శాలకు లియో బెరానెక్, శ్రోత యొక్క శ్రవణశక్తిని పరిశీలించు శాలకు స్టీవెన్స్ నాయకత్వము వహించిరి. లిక్లైడర్ రెండవ శాలలో చేరెను.

అచట ఆయన కనుగొన్న విషయ మొకటి మిగుల విచిత్రమైనది. మాట యొక్క ధ్వని తరంగములలో ఎత్తైన శిఖరములు ఎక్కువగా అచ్చులవి. హల్లులు బలహీనములు, హోరులో ముందుగా మునిగిపోవునవి అవియే. కాని మాట యర్థమగుటకు హల్లులే ముఖ్యాధారము. లిక్లైడర్ తరంగ శిఖరములను విద్యుత్పరికరముచే కత్తిరించి, మిగిలినదానిని పెద్దది చేసి వినిపించెను. కంఠమాధుర్యము నశించెను, మాట గరగరలాడెను, కాని అర్థము చెడలేదు. ఇట్లు కత్తిరించిన మాటయే రేడియోపై పంపినపుడు హోరులో మేలుగా తెలియవచ్చెను. మన వైయాకరణులు వినబడు ధ్వని వేఱు, అర్థమును స్ఫురింపజేయు స్ఫోటము వేఱు అని సిద్ధాంతము చేసిరి. ఈ ప్రయోగము ఆ సిద్ధాంతమునకు ఋజువు అనుట సాహసమగును గాని, చదువరికి అది స్మృతికి రాక మానదు.

యుద్ధానంతరము 1950లో ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు తరలివెళ్లెను. అంతకుముందు 1949లో రష్యా అణ్వస్త్రమును పరీక్షించియుండుటచే అమెరికాకు గగనమార్గమున భయము కలిగెను. దానికి విరుగుడుగా సేజ్ అను వాయురక్షణ వ్యవస్థ రూపొందెను. దూరదూరముల రాడార్లు పట్టిన సమాచారము టెలిఫోను తీగెలపై కంప్యూటరును చేరును. యంత్రము దానిని తెరపై చుక్కలుగా చూపును. కూర్చున్న యుద్యోగి కాంతిగొట్టమును చుక్కపై గుఱిపెట్టి, వివరము కావలెనని యంత్రము నడుగును. మనుష్యుని కన్ను, చేయి, బుద్ధి ఈ యంత్రముతో నెట్లు పొందవలెనన్న విషయమును లిక్లైడర్ లింకన్ పరిశోధనశాల యందు పరిశీలించెను. అంతవరకు కంప్యూటరనగా చిల్లులు పొడిచిన చీట్ల కట్టను అప్పగించి, ఫలితమునకై వేచియుండు వస్తువు. ఇచట యంత్రము అప్పటికప్పుడు బదులు చెప్పుచుండెను.

1957వ సంవత్సరపు వసంత గ్రీష్మములలో ఆయన యొక వింత పని చేసెను. తన కాలమునకు తానే చిట్టా వ్రాసికొనెను! జమాఖర్చులు వ్రాయుట వృత్తిగా గల నాబోటివానికి ఈ ఘట్టము అత్యంత ప్రీతికరము. లెక్క తేలినపుడు ఆయనకే యాశ్చర్యము కలిగెను. ఆలోచనకని తాను కేటాయించితి ననుకొన్న కాలములో నూటికి సుమారు 85 పాళ్లు ఆలోచనకు వలయు సన్నాహముననే వ్యయమగుచుండెను. అంకెలు వెదకుట, పట్టికలు కూర్చుట, రేఖాచిత్రములు గీయుట; ఇదియే పని. అంతేకాదు, ఏ సమస్యను చేపట్టవలెనన్న నిర్ణయము సైతము బుద్ధిబలమును బట్టి గాక, గుమాస్తా పని యెంత పడునన్న దానిని బట్టి జరుగుచుండెను. ఈ చాకిరి యంత్రమునకు ఒప్పగించి, ప్రశ్న వేయుట, నిర్ణయించుట మనుష్యుడు తనయొద్ద నుంచుకొన్నచో ఇరువురి కలయికచే గొప్ప పనులు సాధ్యమగునని 1960లో ‘మానవ గణనయంత్ర సహజీవనము’ అను నర్థము గల వ్యాసమున ప్రతిపాదించెను.

1957లోనే ఆయన బెరానెక్ పిలుపున బోల్ట్, బెరానెక్, న్యూమన్ అను సంస్థలో చేరెను. 1948లో స్థాపితమైన ఆ సంస్థ సభామందిరములలో మాట, సంగీతము చక్కగా వినబడుటకు వలయు సలహాల నిచ్చునది. న్యూయార్క్ లోని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభా మందిరమునకు ధ్వనివిధానము కూర్చినది ఆ సంస్థయే. అట్టి చోట లిక్లైడర్ కంప్యూటరు కొనవలెనని పట్టుబట్టెను. దేనికని యజమాని యడుగగా, నేడు నిశ్చితమైన పని లేకున్నను రేపటి శాస్త్రమంతయు దీనిపైననే నడచునని నచ్చజెప్పెనట. 1960లో పీడీపీ-1 అను క్రొత్త యంత్రము కూడ అచటికి వచ్చెను. ధ్వని పరిశోధకులు క్రమముగా ప్రోగ్రాములు వ్రాయు ఇంజనీర్లైరి.

1962 అక్టోబరులో ప్రభుత్వ రక్షణశాఖకు చెందిన ఆర్పా అను పరిశోధన సంస్థలో కంప్యూటరు విభాగమునకు ఆయన అధిపతి యయ్యెను. చేతికి రక్షణశాఖ ధనము వచ్చినది. దానితో ఆయన విశ్వవిద్యాలయములయందు ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతులను, యంత్రములకు బుద్ధి నేర్పు ప్రయత్నములను పోషించెను. 1963లో తన సహోద్యోగులకు వ్రాసిన లేఖలో వారిని పరిహాసముగా నక్షత్రలోకాంతర కంప్యూటరు జాలమునకు సభ్యులని సంబోధించెను. పరిహాసము ఫలించెను. 1969లో ఆర్పా వారి జాలమునకు కూడలి యంత్రములను నిర్మించినది సభామందిరముల ధ్వనిని సవరించిన ఆ బోల్ట్, బెరానెక్, న్యూమన్ సంస్థయే. ఆ సంవత్సరము అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్ నుండి పంపబూనిన ‘లాగిన్’ అను మొదటి మాటలో రెండక్షరములు మాత్రమే చేరి యంత్రము కూలెను. నేటి ఇంటర్నెట్టునకు అదియే అక్షరాభ్యాసము.

గ్రంథాలయాభిమానులకు ముఖ్యమైనది ఇక చెప్పెదను. 1965లో ఆయన ‘భావికాల గ్రంథాలయములు’ అను నర్థము గల పుస్తకమును ప్రకటించెను. పుస్తకపు పుట చదువుటకు హాయియే గాని, వేల పుస్తకములలో కావలసిన విషయమును వెదకి తీయుటకు బీరువా చాలదని అందు వాదించెను. జ్ఞానమంతయు యంత్రములయందు నిక్షిప్తమై, చదువరి తన బల్ల యొద్దనే కూర్చుండి ప్రశ్నించు కాలము 2000 నాటికి రాగలదని యూహించెను. ఆయన 1990లో దివంగతుడయ్యెను. ఆ యుగోదయమును పూర్తిగా చూడలేదు.

ఆ యూహకు మన తెలుగువాడొకడు రూపము నిచ్చుట మనకు గర్వకారణము. చిత్తూరు మండలమందలి కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డి, లోకమున రాజ్ రెడ్డి యనబడువారు, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరైరి. వారి గురువు మెకార్థీ నడిపిన పరిశోధనకు ధనమిచ్చినది లిక్లైడర్ నెలకొల్పిన విభాగమే. వారి విద్య సైతము ధ్వనివిద్యయే. మనుష్యుని మాటను యంత్రమున కర్థమగునట్లు చేయుట. 1971లో ఆర్పా వారు వేయి మాటల సంభాషణను గ్రహించు యంత్రము కావలెనని ఐదేండ్ల గడువు విధింపగా, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున వీరి బృందము 1976లో హార్పీ అను ప్రోగ్రాముతో దానిని సాధించెను. 1994లో వీరికి ట్యూరింగ్ పురస్కారము లభించెను.

అంతటితో తృప్తి నొందక వీరు పది లక్షల గ్రంథములను ఛాయాప్రతులుగా తీసి యెల్లరకు ఉచితముగా నొసగు ఉద్యమమును మన దేశమున, చైనాయందు, ఈజిప్టునందు గల విద్యాసంస్థలతో కూడి సాగించిరి. 2007 నాటికి 15 లక్షలకు మించిన గ్రంథములు చేరెను. అందు తెలుగు గ్రంథములు సుమారు 50,000! ఏనాడో ముద్రణ నిలిచి, చెదల పాలగుచున్న మన పెద్దల రచనలు అట్లు పునర్జన్మ నెత్తినవి.

యుద్ధమునకై పుట్టిన విద్య పవిత్రమగునా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. పాలకడలిని చిలికినపుడు మొదట పుట్టినది హాలాహలము, అమృతము తరువాతిది. రెండింటికిని కడలి యొక్కటే. విషము విషము కాదని నేననను. అమృతమును పంచుకొనుటకు ఎవరు కూర్చుందురన్నదే విచార్యము.

ఇందొక హెచ్చరికయు కలదు. మన దేశమున ఆ గ్రంథములకు ద్వారమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారి తావు కొన్నేండ్లకు మూతపడెను. దూరదృష్టి గలవారు ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చియుండుటచే అవి మనకు దక్కినవి. తాళపత్రమైనను, ముద్రితమైనను, యంత్రస్థమైనను, ప్రతికి ప్రతి తీయుచు కాపాడువాడు లేనిచో గ్రంథము నిలువదు. కావున మన గ్రంథాలయమునందలి అరుదైన పుస్తకములకు, పాత పత్రికల సంపుటములకు ఒక పట్టిక వ్రాసి, ఎందును ఛాయాప్రతి లేనివాని నేరి, వానికి ప్రతులు తీయించు భారమును మన యువకులు వహింతురు గాక! ఆ పట్టికను వ్రాయు గుమాస్తా పనికి నేను సిద్ధముగ నున్నాను.